మనిషికి ఐదు

బాతు ఈకలు పీకడం ఎంత పాడు పనో పీకినవాడికే తెలుస్తుంది. కోడి అయితే వేన్నీళ్ళలో ముంచి తీస్తే గుప్పెళ్ళతో ఊడి వస్తుంది. బాతు ఒంటి మీద నూనె ఉంటుంది, నీళ్ళు లోపలికి దిగవు. రెండుసార్లు ముంచాలి. పైఈకలు పీకాలి, కింద నూగు పీకాలి, అప్పటికీ చర్మంలో మిగిలిన మొదళ్ళను గ్యాస్ మంట మీద కాల్చాలి. నా పేరు దేవన్న. బహ్రెయిన్‌లో కర్జకాన్ దగ్గర ఒక ఖర్జూరపు తోటలో పదకొండేళ్ళుగా వంటవాణ్ణి. తోటలో ఎన్ని బాతులు చచ్చాయో తుపాకులు పట్టుకున్న పెద్దమనుషుల కంటే నాకే బాగా తెలుసు, అన్నీ చివరికి నా గిన్నెలోకే వస్తాయి కాబట్టి. అందుకే మల్లేష్ సంగతి నేనే చెప్పాలి. వేరేవాళ్ళు చెబితే అబద్ధం చెబుతారు. నేనూ ఒకటి చెప్పాను, అదీ చెబుతాను.

తోట యజమానిని మేమంతా బాబా అంటాం. డెబ్బై దాటిన మనిషి. చెట్లకు నీళ్ళు పెట్టడానికి తోట మధ్యలో ఆయన తవ్వించిన చెరువు ఉంది, చుట్టూ రెల్లు. అందులో బాతుల్ని పెంచుతాడు. రెక్కలు కత్తిరించడు, ఎగరనిస్తాడు. చలికాలం శుక్రవారాల్లో ఆయన కొడుకు జాసిమ్, జాసిమ్ స్నేహితులు వచ్చి వాటిని వేటాడతారు.

దానికి బాబా పెట్టిన లెక్క ఒకటి ఉంది. మనిషికి ఐదు. తెల్లవారి నమాజు కాగానే వేటకు వచ్చినవాళ్ళు గట్టు మీద వరుసగా నిలబడాలి. బాబా ఒక్కొక్కరి చేతిలో ఒక తాడు పెడతాడు. ఖర్జూర నారతో ఆయనే పేనిన తాడు, దానికి ఐదు ఉచ్చులు. దొరికిన బాతును ఉచ్చులో బిగించాలి, ఐదూ నిండాక తుపాకి కింద పెట్టాలి. ఎంత పెద్దవాడు వచ్చినా ఐదే, ఇంట్లో ఎంత పెద్ద దావత్ ఉన్నా ఐదే. నాకు ఆ లెక్క నచ్చేది. మావాళ్ళకు బహ్రెయిన్ అయినా దుబాయే; ఈ దుబాయికి వచ్చాక పెద్దవాడికీ చిన్నవాడికీ ఒకే కొలత ఉండడం నేను ఇంకెక్కడా చూడలేదు.

జనవరి మొదటి శుక్రవారం నా వంటింట్లోకి నలభై బాతులు వచ్చాయి. వేటకు వచ్చింది జాసిమ్‌తో కలిపి ఐదుగురు. ఐదైదులు ఇరవై ఐదు. మిగతా పదిహేను ఎక్కడివి? ఎక్కడివో నాకు తెలుసు. ఆ పదిహేనూ మావి.

ఆ పొద్దున జాసిమ్ నన్నూ, చెట్ల పని చేసే మల్లేష్‌నూ, డ్రైవరు ఇస్హాఖ్‌నూ పిలిచి, వేటగాళ్ళ జేబుల కోట్లు తొడిగించి వరుస చివర నిలబెట్టాడు. బాబా కళ్ళలో శుక్లాలు. ముఖాలు పోల్చలేడు, ఆకారాలు కనిపిస్తాయి, అంతే. ఎనిమిది ఆకారాలు నిలబడ్డాయి, ఎనిమిది తాళ్ళు ఇచ్చాడు. "బిస్మిల్లా" అంటూ నా అరచేతిలో తాడు పెట్టి నా పిడికిలి తనే మూశాడు. సిగ్గు విడిచి చెబుతున్నా, నా ఛాతీ ఉబ్బింది. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో నా చేతిలో గిన్నె తప్ప ఇంకోటి పెట్టినవాడు లేడు. బాబా అటు తిరగగానే జాసిమ్ మా తాళ్ళు తీసుకుని స్నేహితులకు పంచేశాడు. మమ్మల్ని పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

మధ్యాహ్నం మా గదిలో అన్నం తింటుంటే మల్లేష్ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"రూల్ ఏం తప్పలేదు కదా భాయ్," అన్నాడు ఇస్హాఖ్. అతనిది నిజామాబాద్, మా ముగ్గురిలో అరబ్బీ బాగా వచ్చింది అతనికే. "ఎనిమిది మంది నిలవడ్డరు, ఎనిమిది తాళ్ళు. హిసాబ్ బరాబర్."

"మరి నా ఐదు ఏవి?" అన్నాడు మల్లేష్.

"నీకు తుపాకి పట్టుడే రాదు, నీకు ఐదెందుకురా?"

"మనిషికి ఐదన్నడు ముసలాయన. తుపాకికి ఐదనలే. నేను మనిషినా కాదా?"

నవ్వులాట అనుకున్నాను. వాడు నవ్వడం లేదు.

మల్లేష్‌ది గోదావరి ఒడ్డు ఊరు, బెస్తవాళ్ళు. ముప్ఫై మూడేళ్ళు. నాలుగేళ్ళు నువైద్రాత్ లేబర్ క్యాంపులో ఉండి కట్టడం పనులు చేశాడు. రెండేళ్ళ కింద నా మాట మీద ఈ తోటకు వచ్చాడు. భార్య సరిత, ఇద్దరు ఆడపిల్లలు. సరిత నన్ను అన్నా అని పిలుస్తుంది. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "ఆయనకు మొండితనం ఎక్కువన్నా, జెర కనిపెట్టుకోని ఉండు." కనిపెట్టుకున్నాను, నా మొహం.

వాళ్ళ తాతలకు తుపాకులు లేవు. బాతుల్ని కుండలతో పట్టేవాళ్ళు. ఈ సంగతి వాడు నాకు వంద సార్లు చెప్పి ఉంటాడు. ఖాళీ కుండల్ని చెరువులో తేలేసి వారం రోజులు వదిలేస్తారు. బాతులకు వాటి భయం పోతుంది. అప్పుడు మనిషి, కళ్ళకు రెండు రంధ్రాలు చేసిన కుండను తలకు బోర్లించుకుని, మెడ దాకా నీళ్ళలో అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్తాడు. బాతు పక్కకు చేరి, కాళ్ళు పట్టి గుటుక్కున కిందికి లాగుతాడు. పక్కనున్న బాతుకు కూడా తెలియదు. వాళ్ళ ఊళ్ళో కుండకు రెండే. మూడోదానికి చెయ్యి వేస్తే మంద బెదిరిపోయి మళ్ళీ ఆ చెరువు మొహం చూడదని రెండుతో ఆపేసేవాళ్ళట.

నేను చేసిన వెధవ పని ఇక్కడే ఉంది. మూడో శుక్రవారానికి బాతులు తెలివి మీరాయి. గుండు అందనంత దూరాన చెరువు నడుమ కూర్చుని కదలడం మానేశాయి. గాయపడి రెల్లులో దూరి చచ్చినవాటి కంపు వంటింటి దాకా వచ్చేది. తోటలో కాకులు పెరిగాయి. ఆ రోజు నా గిన్నెలోకి వచ్చినవి పదకొండే. జాసిమ్ వంటింట్లోకి వచ్చి, ఇరవై మంది అతిథులు కూర్చున్నారు, ఈ మాంసం ఏ మూలకని నా మీద అరిచాడు. బాతులు చావకపోతే వంటవాడిదా తప్పు? నాకు మండింది.

"తుమ్హారా బందూక్ ఫాయ్‌దా నై," అన్నాను వచ్చీరాని హిందీలో. "హమారా మల్లేష్ ఖాలీ హాథ్ సే పకడ్తా."

జాసిమ్ అరుపు ఆపాడు. ఒట్టి చేతులతో ఎలా పడతాడని అడిగాడు. నేను చెప్పాను. కుండలు, రంధ్రాలు, అంతా, నా చేత్తో నేనే అభినయించి చూపించాను. నా నోట్లో మన్ను పడ, ఆ మాట చెప్పకుండా ఉంటే ఏం పోయేది?

మర్నాడే ఆలీ అనే ఊళ్ళో కుండలు చేసేవాళ్ళ దగ్గర నుంచి ఆరు కుండలు వచ్చాయి. మల్లేష్‌ను పిలిచి, వచ్చే శుక్రవారం దోస్తులకు ఈ తమాషా చూపించమన్నాడు జాసిమ్. మల్లేష్ తల ఊపలేదు.

"ఇస్హాఖ్ భాయ్, ఆయనకు చెప్పు. నా తాడు నాకియ్యాలె. నా తాడుకు నేను పట్టుకున్న ఐదు నావి. నేను చెరువుల నుంచి బయటికొచ్చేదాంక తుపాకి పేల్చద్దు."

ఇస్హాఖ్ చెప్పాడు. జాసిమ్ పగలబడి నవ్వి, "యల్లా, ఖలాస్! ఐదూ నీవే, నువ్వొచ్చేదాకా తుపాకి పేలదు," అన్నాడు. పనివాడు షరతు పెట్టడమే అతనికి ఒక తమాషా.

వారమంతా మల్లేష్ ఐదు కుండల్ని నీళ్ళలో తేలేసి, ఆరోదానికి మేకుతో రంధ్రాలు చేస్తూ కూర్చున్నాడు. నువైద్రాత్ క్యాంపుకు ఫోన్ చేసి మనవాళ్ళందరికీ శుక్రవారం బాతు కూర అని చెప్పేశాడు. పన్నెండు మంది. మసాలా నన్నే నూరమన్నాడు. వాడు అంత సంతోషంగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు, అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు. పొద్దున్నే చెరువు దగ్గరికి వెళ్తే కుండలు నీళ్ళ మీద మెల్లగా తిరుగుతుండేవి. వాటి మధ్య బాతులు నిశ్చింతగా ఈదుతుండేవి. చూడబుద్ధయ్యేది కాదు.

గురువారం సాయంత్రం వాడిని పట్టుకున్నాను.

"రెండు పట్టుకోని వొచ్చెయ్‌రా. కుండకు రెండని మీ ఊరి లెక్క నువ్వే చెప్పినవు గద."

"గది మా ఊరి చెరువు దేవన్నా. మల్ల వచ్చే ఏడు గూడ బాతులు రావాలె కాబట్టి రెండు. ఈడ ఆళ్ళు నలభై నలభై చంపంగ, నేనొక్కన్నే రెండుతోని ఆగాల్నా? ఆళ్ళ కంటె నేనేం తక్కువ?"

"నీ తలకాయ కాడ తుపాకులుంటయిరా!"

"ఆగుతమన్నరు."

"అన్నరు! ఆళ్ళు అన్నయన్నీ అయితె నువ్వు నేను ఎప్పుడో ఇంటికి పోతుంటిమి."

వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు శుక్రారం. నాకు డ్యూటీ లేదు. రేపు నేను గూడ వేటగాన్నే. ఒక్క పొద్దు దేవన్నా. ఒక్క పొద్దుకు అడ్డం రాకు."

రాలేదు. వచ్చి ఉండాల్సింది.

ఆ శుక్రవారం కొత్త మనిషి ఒకడు వచ్చాడు. జాసిమ్ దోస్తుకు దోస్తు. చేతిలో తళతళలాడే కొత్త తుపాకి, దాన్ని కింద పెట్టనే పెట్టడు. వరుసలో మేము ముగ్గురం మళ్ళీ చివర. బాబా తాళ్ళు ఇచ్చుకుంటూ వచ్చి మల్లేష్ దగ్గర ఆగాడు. తాడు పెట్టాక వాడి చెయ్యి వదలలేదు. పార పట్టి కాయలు కాసిన అరచేయి అది. బొటనవేలితో ఆ కాయల్ని తడుముతూ ఇస్హాఖ్‌ను ఏదో అడిగాడు. ఇస్హాఖ్ ఒక్క మాట చెప్పాడు. బాబా తల ఊపి, కర్ర తాటించుకుంటూ ఇంటివైపు వెళ్ళిపోయాడు.

"ఏమడిగిండు?" అన్నాను.

"ఈయన ఎవరు అన్నడు. వేటకొచ్చిన మెహమాన్ అన్న." ఇస్హాఖ్ నా వైపు చూడలేదు. "ఇంకేమనాలె భాయ్? నా నౌకరీ పోదా?"

మల్లేష్ తాడును నడుముకు చుట్టుకున్నాడు. చలికి వణుకుతూ నీళ్ళలోకి దిగి, కుండ తలకు బోర్లించుకున్నాడు. కాసేపటికి చెరువులో ఆరు కుండలు కనిపించాయి, అంతే. ఏది వాడిదో నాకు తెలియలేదు. గట్టు మీద ఐదుగురు, వాళ్ళతో కొత్తవాడు, రెల్లు వెనక కూర్చుని నవ్వుకుంటున్నారు.

అంచున ఉన్న ఒక బాతు ఉన్నట్టుండి మాయమైంది. నీళ్ళ మీద చిన్న సుడి, మళ్ళీ ఏమీ లేదు. నవ్వులు ఆగిపోయాయి. ఇంకొకటి మునిగింది. రెండు, అనుకున్నాను. చాలు, వచ్చెయ్‌రా, వచ్చెయ్. రాలేదు. మూడు. జాసిమ్ ముందుకు వంగి చూస్తున్నాడు. నాలుగు. కొత్త తుపాకివాడు విసుగ్గా ఏదో గొణిగాడు.

"ఏమంటున్నడు?" అని ఇస్హాఖ్‌ను గిచ్చాను.

"పనోని తాడు నిండుతున్నది, మనయి ఖాళీగ ఉన్నయ్, ఇదేం న్యాయం అంటున్నడు."

న్యాయమట. నలభై చంపిన నోళ్ళు అవి. నేను అరుద్దామని నోరు తెరిచాను. అరిస్తే బాతులు లేస్తాయి, లేస్తే తుపాకులు లేస్తాయి. నోరు మూసుకున్నాను. అటు చూస్తే నీళ్ళ మీద ఐదో సుడి.

ఐదోది పెంటి బాతు. వాడి చేతిలోంచి ఒక కాలు జారినట్టుంది, నీళ్ళు కొట్టుకుంటూ గట్టిగా అరిచింది. అంతే, మంద మొత్తం ఒక్కసారిగా లేచింది. నీళ్ళకు మూరెడు ఎత్తున, సరిగ్గా గట్టు వైపే.

"మల్లేషూ! మునుగురా!" అని అరిచాను.

ముందు ఎవడు పేల్చాడో నేను చూడలేదు. ఆ తర్వాత అందరూ పేల్చారు. ఎంతసేపు పేల్చారో చెప్పలేను. పొగ తేలిపోయాక చెరువులో కుండలు లెక్కపెట్టాను. ఐదున్నాయి.

నాకు ఈత రాదు. అయినా దూకాను. ఇస్హాఖ్ కూడా దూకాడు, అది మాత్రం చెప్పాలి. మెడ లోతు నీళ్ళలో వాడిని పట్టుకుని ఇద్దరం గట్టుకు లాక్కొచ్చాం. ముఖంలో, మెడలో గుళ్ళు దిగి ఉన్నాయి. కుండ పెంకు ఒకటి చెంపకు అంటుకుని ఉంటే తీసేశాను. నడుముకు నాలుగు బాతులు, నీళ్ళు మింగి వేలాడుతున్నాయి; ఐదోది వాడి పిడికిట్లోనే ఇంకా రెక్కలు కొట్టుకుంటోంది. మల్లేష్‌కు ఊపిరి ఆడుతూనే ఉంది. అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో మధ్యాహ్నం కాకముందే ఖలాస్ అన్నారు.

సాయంత్రం పోలీసులు తోటకు వచ్చారు. అప్పటికి కొత్త తుపాకివాడు అక్కడ లేడు, అతని పేరు కూడా ఎవరి నోటా రాలేదు. జాసిమ్ ముఖం పాలిపోయి ఉంది, అయినా మాట తడబడలేదు. అతను చెప్పేది ఇస్హాఖ్ నా చెవిలో చెబుతూ వచ్చాడు. మల్లేష్ పని మీద చెరువులోకి దిగలేదట. సెలవు రోజున సొంత సరదాకు వేటకు వచ్చాడట. వరుసలో నిలబడి తాడు తీసుకున్నాడట. వేటలో ఒకరికొకరు అడ్డం వస్తే ఇలా జరుగుతుందట.

"ఇదే రాస్తె ఏమైతది?" అన్నాను.

"డ్యూటీల పోతె మనల తెచ్చుకున్న కఫీల్ జవాబు చెప్పాలె, ఇంటోళ్ళకు ఏదన్న ముట్టాలె. షికారుల పోతె ఎవ్వని ఖర్మ వానిది. నాకెర్కయినకాడికి గంతే భాయ్."

అప్పుడు బాబా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఆఫీసరు లేచి కుర్చీ వేశాడు, బాబా కూర్చోలేదు. చనిపోయింది తోటలో పనివాడని అప్పటికే ఆయనకు తెలిసిపోయింది. ఆ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు, మా ప్రాణానికి వచ్చింది కూడా అదే.

"తాడు నేనే ఇచ్చాను," అన్నాడట. "ఆ చేతిని నా చేత్తో పట్టుకున్నాను. నా దగ్గర తాడు తీసుకున్నవాడు వేటగాడు. నా కొడుకూ అతనూ నాకు సమానం. అతన్ని పనివాడని అనకండి."

అబ్బా, ఆ మాట వినడానికి మల్లేష్ ఏమిచ్చేవాడో! ప్రాణమే ఇచ్చాడు. బతికుండగా ఎవడూ అనని మాట, చచ్చాక, వాడి పెళ్ళాంపిల్లల నోటికాడి కూడు లాగేయడానికి పనికొచ్చింది. నాకు బాబా కాళ్ళ మీద పడి ఏడవాలనిపించింది, ఆయన గొంతు పట్టుకోవాలనిపించింది కూడా.

ఆఫీసరు నా వైపు తిరిగి అరబ్బీలో అడిగాడు. నాకు అర్థమయ్యేలోపే జాసిమ్ ఇస్హాఖ్ వైపు ఒక చూపు చూశాడు. "మల్లేష్ షికారుకు వొచ్చిండా, పని మీద దిగిండా అని అడుగుతున్నడు," అన్నాడు ఇస్హాఖ్ నేల చూస్తూ. నేను తెలుగులో ఏం చెప్పినా అది అతని నోట్లోంచే పోవాలి. అతనికీ నలుగురు పిల్లలు. ఆ మాట అతని నోట్లో నేనెందుకు పెట్టాలి?

వాడు నా భుజం మీద చెయ్యి వేసి అన్న మాట నాకు బాగా గుర్తుంది. ఒక్క పొద్దు దేవన్నా, అన్నాడు.

"డ్యూటీ," అన్నాను నేనే, ఆఫీసరు కళ్ళలోకి చూస్తూ. "సార్, మల్లేష్ డ్యూటీ. జాసిమ్ అర్బాబ్ బోలా, పానీ మే జావ్. మల్లేష్ నో షికారీ. మల్లేష్ లేబర్. ఓన్లీ లేబర్."

ఆఫీసరు రాసుకున్నాడు. జాసిమ్ అరవబోతే చెయ్యెత్తి ఆపి, నన్ను మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారీ అదే చెప్పి, తెలుగులో నా పేరు రాసి సంతకం పెట్టాను. బాబా నా గొంతు వచ్చిన దిక్కుకు ముఖం తిప్పాడు. ఆయన దృష్టిలో చచ్చినవాడిని వరుసలోంచి ఈడ్చి పడేసినవాణ్ణి నేనే. కాదని ఎలా అనను?

సరితకు ఎవరో అప్పటికే చెప్పేశారు. నేను ఫోన్ చేసేసరికి ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది.

"ఎందుకు దిగిండన్నా ఆ నీళ్ళల్ల? ఎవలు పంపిండ్రు?"

ఆమెకు అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఎవ్వలు పంపలే చెల్లె. తనంత తనే దిగిండు. కుండ పెట్టుకోని, మీ మామల తీరుగ. ఐదు పట్టిండు. ఆ తుపాకులోళ్ళకు ఒక్కటి దొరకకముందే మనోడు ఒట్టి చేతులతోని ఐదు పట్టిండు. అందరు నోరు తెరుసుకోని చూసిండ్రు."

ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది.

"సరితా, ఇను. ఎవలడిగినా, సర్పంచి అడిగినా, ఆఫీసోళ్ళు అడిగినా, డ్యూటీల పోయిండని చెప్పాలె. అర్బాబ్, అదే మా సేటు, పంపితెనే దిగిండని చెప్పాలె. ఇంకో మాట అనద్దు."

"మంచిదన్నా. పిల్లలకన్న చెప్పుకోనా, వాళ్ళ నాయిన ఐదు పట్టిండని?"

"వద్దు," అన్నాను. "పిల్లలు బడిల నలుగురికి చెప్తరు. వాళ్ళకు గూడ డ్యూటీ అనే చెప్పు."